కత్తి ఒర: చేయించుకుంటే ఎంత, చేసుకుంటే ఎంత (ప్రాజెక్టు డైరీ)

నూజివీడు దగ్గర మా మామిడి తోటలో వాడే కత్తి ఒకటుంది. లారీ కమాను పట్టీతో కొలిమిలో కొట్టించినది. తుమ్మ పిడి. పని గొప్పగా చేస్తుంది గానీ ఒర లేదు. గోనెగుడ్డలో చుట్టి నడుముకు దోపుకోవడం ప్రమాదం. కాబట్టి ఒర కావాలి. కొనాలా, చేసుకోవాలా అన్నది లెక్క వేసి తేల్చుకోవడానికే ఈ డైరీ. ఇదే పని మొదలుపెట్టేవారు ఇక్కడి లెక్క పద్ధతిని నేరుగా వాడుకోవచ్చు. నా తోలు ఎక్కడ పాడైందో చూసి అక్కడ జాగ్రత్త పడవచ్చు.

కత్తి కొలతలు (వెర్నియర్ కాలిపర్‌తో):

1. అలుగు (కత్తి రేకు) పొడవు 142 మి.మీ., ఎక్కువ వెడల్పు 34 మి.మీ.
2. వెన్ను మందం పిడి దగ్గర 4.2 మి.మీ. వాదర (కోసే అంచు) వైపు వచ్చేసరికి బాగా పలచబడుతుంది.
3. పిడి వెడల్పు 28 మి.మీ., మందం 24 మి.మీ.

చేతితో ఒరలు కుట్టి ఇచ్చేవారిని ముగ్గురిని ధర అడిగాను. 1,900, 2,600, 3,400 రూపాయలు చెప్పారు. 1,900 చెప్పినవారు కత్తి చూడకుండా కాగితం మీద గీసిన ఆకారాన్ని బట్టి కుడతామన్నారు. కొలిమిలో కొట్టిన కత్తికి అది కుదరదు. ఏ రెండూ ఒకేలా ఉండవు, పిడి మందం గీతలో కనిపించదు. మిగతా ఇద్దరూ కత్తి పంపమన్నారు. మధ్య ధరకు రానూపోనూ కొరియర్ 340 కలిపితే 2,940. ఇకపై పోలిక ఈ అంకెతోనే.

మెట్టు 1: చౌక తోలు, తెగిన దారం

విజయవాడలో బ్యాగులు కుట్టే దుకాణం నుంచి తుక్కు తోలు తెచ్చాను. మెత్తగా, నల్లగా, చూడటానికి బాగుంది. మడిచి, అంచుకు రబ్బరు జిగురు రాసి, నైలాన్ దారంతో ఒక వరుస కుట్టు వేశాను. కత్తిని కొన్నిసార్లు దించి తీసేసరికి కుట్టు మధ్యలో విచ్చుకుంది. మొన వైపు నుంచి ఏడు కుట్లు తెగాయి. దారంలో లోపం లేదు. కత్తి దిగిన ప్రతిసారీ వాదర నేరుగా దారం మీద నడిచింది.

ఒరను మా బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను. అటూ ఇటూ తిప్పి, గోటితో నొక్కి చూశారు.

"ఇది క్రోమ్ తోలు బాబూ. బూటు పైభాగానికి, సంచులకు పనికొస్తుంది. కత్తికి నిలబడదు. నీళ్లలో నానబెట్టి నొక్కినా మళ్లీ మొదటికే వస్తుంది."

"మరి దారం తెగకుండా ఏం చేయాలి తాతా?"

"రెండు పొరల మధ్య ఇంకో పట్టీ పెట్టండి. కత్తి పట్టీని కోసుకుంటుంది, దారం జోలికి రాదు."

ఈ రెండు మాటలతో పని మొత్తం మారిపోయింది. క్రోమియం లవణాలతో పదును చేసిన (పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేసిన) తోలు మెత్తగా ఉండి నీటికి, వేడికి తట్టుకుంటుంది. దానికి ఒక ఆకారం ఇస్తే నిలుపుకోదు. చెట్టు బెరడులోని వగరు పదార్థంతో, అంటే టానిన్‌తో పదును చేసిన తోలు తడిస్తే మట్టిలా లొంగుతుంది, ఆరితే గట్టిపడి అదే ఆకారంలో ఉండిపోతుంది. ఒరకు కావలసింది రెండోది. మన తంగేడు బెరడు ఒకప్పుడు మద్రాసు ప్రాంతపు తోళ్ల పదునుకు ముఖ్యమైన సరుకు. కరక్కాయ కూడా వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా తుమ్మ జాతికే చెందిన వాటిల్ చెట్టు బెరడు సారం వాడుతున్నారు.

ఖర్చు: తుక్కు తోలు 150, నైలాన్ దారం 60, ఆరె (తోలుకు బెజ్జం పొడిచే పనిముట్టు), సూదులు 80, జిగురు 110.
ఇప్పటివరకు: 400 రూపాయలు

మెట్టు 2: సరైన తోలు, పనిముట్లు

చెన్నై పెరియమేట నుంచి బెరడు పదును తోలు 3 మి.మీ. మందంలో రెండు చదరపు అడుగులు తెప్పించాను. అడుగు 270 చొప్పున 540, కొరియర్ 110. మందం తప్పనిసరిగా అడిగి కొనాలి. 2 మి.మీ. తోలు ఈ బరువు కత్తికి చాలదు. 4 మి.మీ. అయితే మడత దగ్గర పగులుతుంది, చేతితో కుట్టడమూ కష్టం. ముక్క రాగానే నాలుగు మూలలా కాలిపర్ పెట్టి చూశాను. ఒక మూల 2.6 ఉంది. పొట్ట భాగపు తోలు అలాగే పలచగా, సాగేలా ఉంటుంది. ఆ మూలను లోపలి పట్టీలకు కేటాయించాను.

పనిముట్లు:

1. 4 మి.మీ. ఎడంతో పళ్లున్న కుట్టు ఉలులు, రెండు పళ్లది, ఆరు పళ్లది: 620
2. మైనం పట్టిన పాలిస్టర్ దారం, 1 మి.మీ.: 190
3. మొన మొద్దుగా ఉండే తోలు సూదులు: 70
4. అంచు చెక్కే చిన్న ఉలి: 230
5. కట్టర్ బ్లేడ్లు: 60
6. కుట్టు గీత గీయడానికి వృత్తలేఖిని లాంటి డివైడర్: 180
7. చెక్క సుత్తి: 250
8. కింద వేసుకునే ప్లాస్టిక్ పలక: 180

మొత్తం 1,780. ఇనుప సుత్తితో కొడితే ఉలి తల చిట్లుతుంది కాబట్టి చెక్క సుత్తి మానలేం. పలకకు మాత్రం పాత కూరగాయల పలక సరిపోతుంది. ఇంట్లో ఉంటే ఆ 180 మిగుల్చుకోండి.

ఇప్పటివరకు: 2,830 రూపాయలు

ఈ అంకె దగ్గర కాసేపు ఆగాను. ఒక్క మంచి కుట్టు పడకముందే కొనుగోలు ధరకు 110 రూపాయల దూరంలో ఉన్నాం. "తోలు ముక్కకు రెండు వేలా" అని ఒరలు కుట్టేవారితో బేరమాడేవారు ఈ పనిముట్ల జాబితా ఒకసారి చదవాలి.

మెట్టు 3: కొలత లెక్క

మొదట వేసిన లెక్క ఇది: పిడి వెడల్పు 28, వెన్ను మందం 4, కుట్టు పట్టీకి 10, మొత్తం 42 మి.మీ. సగం వెడల్పు, అంటే తోలు మడిచాక ఒక వైపు వెడల్పు. రెండు సగాలు 84. అట్ట మీద గీసి, తోలు కోసి, అంచులకు క్లిప్పులు పెట్టి చూస్తే అలుగు దిగింది, పిడి మూతి దగ్గర ఆగిపోయింది. అట్ట పలచన కాబట్టి తేడా అందులో తెలియలేదు. పిడి బల్లపరుపుగా ఉండదు. దాని చుట్టూ తోలు తిరగాలి, తోలు మందం కూడా కొంత చోటు తినేస్తుంది. వెడల్పును బట్టి లెక్కిస్తే ఎప్పుడూ బిగుతే వస్తుంది.

మార్చిన లెక్క:

1. పిడి చుట్టూ దారం చుట్టి పొడవు కొలవాలి. నా కత్తికి 84 మి.మీ.
2. దాన్ని సగం చేయాలి: 42.
3. తోలు మందం 3 కలపాలి: 45.
4. లోపలి పట్టీ వెడల్పు 12 కలపాలి: 57.

మూతి దగ్గర సగం వెడల్పు 57 మి.మీ. అన్నమాట. అలుగు వెడల్పైన చోట ఇదే పద్ధతిలో 52 వచ్చింది. పట్టీని 10 నుంచి 12కు పెంచాను. కుట్టు వరుస బయటి అంచుకు 4 మి.మీ. లోపల పడుతుంది కాబట్టి వాదరకు, దారానికి మధ్య 8 మి.మీ. తోలు ఉంటుంది. కత్తి రోజూ కొంచెం కొంచెం కోసుకున్నా ఆ 8 దాటడానికి ఏళ్లు పడుతుంది. పట్టీ మందానికి ఒకే పొర, 3 మి.మీ. చాలు. 4.2 అన్నది వెన్ను మందం. వెన్ను మడత వైపు కూర్చుంటుంది, పట్టీ వైపు వచ్చేది పలచటి వాదర.

ఒర లోతు: పిడిలో 55 మి.మీ. కూడా లోపలికి దిగేలా పెట్టాను. బటన్ పట్టీ అక్కర్లేకుండా పిడిని తోలే పట్టి ఉంచుతుంది. బెల్టు కోసం పైన 180 × 35 మి.మీ. తోక వదిలి, వెనక్కి మడిచి కుట్టాలి. ఒక ఒరకు వృథాతో కలిపి అర చదరపు అడుగు పడుతుంది.

బిగుతైన మొదటి ముక్క మూతిని కోసేసి, అలుగు పట్టే భాగాన్ని ప్రయోగాలకు ఉంచాను. తర్వాతి మెట్లలో అదే ఎక్కువ ఉపయోగపడింది.

ఖర్చు లేదు.
ఇప్పటివరకు: 2,830 రూపాయలు

మెట్టు 4: బెజ్జాలు, దారం

ప్రయోగం ముక్క మీదే కుట్టు సాధన. రెండు పొరలు, మధ్య పట్టీ కలిస్తే 9 మి.మీ. ఆరు పళ్ల ఉలితో కొడితే ముందు వైపు బెజ్జాలు దారం పట్టినట్టు వరుసగా వచ్చాయి. వెనక్కి తిప్పితే రెండు చోట్ల 3 మి.మీ. పక్కకు పోయాయి, కొన్ని అసలు బయటికే రాలేదు. పళ్ల పొడవు 9 మి.మీ. మందానికి చాలదు, బలంగా కొట్టిన కొద్దీ వంకర పోతుంది.

మార్పు: ఉలితో ముందు వైపు గుర్తులు మాత్రమే వేసి, నిలువు స్టాండుకు బిగించిన డ్రిల్లుతో, 1.2 మి.మీ. బిట్టుతో బెజ్జాలు చేశాను. డ్రిల్లు పక్కింటివారిది. రెండు బిట్లు 40 రూపాయలు. వెనక వరుస కూడా నిటారుగా వచ్చింది. డ్రిల్లు దొరకనివారు ఆరెతో ఒక్కో బెజ్జం పొడవవచ్చు. చెప్పులు కుట్టేవారి చేతికి అది తేలిక, కొత్త చేతికి ఓపిక కావాలి.

దారం పొడవు మరో చిక్కు. కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకోవాలని అంతటా చెబుతారు. పర్సు లాంటి పలచటి పనికి అది సరే. 9 మి.మీ. మందానికి ఆ దారం సగం దారిలోనే అయిపోయింది. లెక్క ఇలా ఉండాలి:

1. కుట్టు వరుస 230 మి.మీ., ఎడం 4 మి.మీ. కాబట్టి సుమారు 58 కుట్లు.
2. ఒక్కో కుట్టుకు ఒక్కో సూది దారం 4 మి.మీ. ముందుకు, 9 మి.మీ. మందం గుండా వెళ్తుంది. మొత్తం 13.
3. 58 × 13 × 2 సూదులు = 1,508 మి.మీ.
4. సూదులకు కట్టడానికి, చివర వెనక్కి కుట్టడానికి మరో అర మీటరు.

రెండు మీటర్లు, అంటే వరుస పొడవుకు దాదాపు తొమ్మిది రెట్లు. రెండు సూదులూ ఒకే బెజ్జం గుండా ఎదురెదురుగా వెళ్లే కుట్టు కాబట్టి ఒకచోట దారం తెగినా మిగతాది విడిపోదు. కుట్టుమిషను కుట్టుకు లేని బలం అది. ప్రతి కుట్టులో ఒకే సూది ముందు దూరాలి. వరస మారితే కుట్టు వాలు మారిపోయి దూరం నుంచే కనిపిస్తుంది.

ఇప్పటివరకు: 2,870 రూపాయలు

మెట్టు 5: తడపడం, ఆరబెట్టడం

పద్ధతి వినడానికి తేలిక. తోలును మామూలు నీళ్లలో బుడగలు ఆగేవరకు ముంచి, కత్తికి పలచటి ప్లాస్టిక్ చుట్టి లోపల పెట్టి, వేళ్లతో నొక్కుతూ ఆకారం తెచ్చి ఆరనివ్వాలి. ప్రయోగం ముక్కను మే నెల ఎండలో డాబా మీద పెట్టాను. సాయంత్రానికి మూతి వైపు ముడుచుకుపోయి, మడత దగ్గర వెంట్రుక మందం పగుళ్లు వచ్చాయి. బెరడు పదును తోలు తడిగా ఉన్నప్పుడు వేడి 70–85 డిగ్రీలకు చేరితే దానిలోని పీచు కుంచించుకుపోతుంది, తిరిగి రాదు. అంతకు తక్కువ వేడిలో కూడా పై పొర ముందే ఆరిపోయి లోపలి పొరను లాగుతుంది. వేడినీళ్లు, జుట్టు ఆరబెట్టే యంత్రం, డాబా మూడూ వద్దు.

మార్పు: గదిలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా నీడలో ఆరబెట్టడం. పైకి ఒక్క రోజులో ఆరినట్టు ఉన్నా లోపల తడి ఉంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినంత కాలం ఆరనట్టే.

మరో సంగతి. మొన దగ్గర ప్లాస్టిక్ చిరిగింది. ఆ చోట కత్తి మీద తుప్పు మచ్చ పడింది. తోలు లోపల అదే చోట సిరా ఒలికినట్టు నల్లటి గుర్తు. కత్తిని నూనె రాతితో రుద్దితే మచ్చ పోయింది. తోలు మీది నలుపు ఎంత తుడిచినా పోలేదు. ఆ నలుపే తర్వాతి మెట్టుకు దారి చూపింది.

ఖర్చు: ప్లాస్టిక్ చుట్ట 60, క్లిప్పులు 50.
ఇప్పటివరకు: 2,980 రూపాయలు

కొనుగోలు ధర 2,940 దాటింది ఇక్కడే.

మెట్టు 6: రంగు కొనకుండా నలుపు

ఇనుము, టానిన్ కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు చేసేదీ ఇదే. వస్త్రాన్ని ముందు కరక్కాయలో తడుపుతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమిని దాని మీద శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో అచ్చులతో అద్దుతారు. అది పడిన చోట నల్లగా తేలుతుంది. బెరడు పదును తోలులో టానిన్ ఎలాగూ నిండి ఉంటుంది కాబట్టి ఇనుము నీళ్లు ఒక్కటి ఉంటే చాలు. ఇంత పాత విద్య మన దగ్గరే ఉండగా సీసా రంగుకు డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

తొందరగా కావాలని బెల్లం బదులు వెనిగర్ తీసుకున్నాను. అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు వేస్తే ఏమీ జరగలేదు. తుప్పు పట్టని ఉక్కు వెనిగర్‌లో కరగదు. దాన్ని తీసేసి పాత తుప్పు మేకులు వేశాను. వారం గడిచేసరికి నీళ్లు తేనె రంగుకు తిరిగాయి.

1. మూత బిగించవద్దు. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గుడ్డ కట్టి గాలి తగిలే చోట పెట్టాలి.
2. బట్టలో వడకట్టి, పాత బ్రష్షుతో పూయాలి. కొన్ని క్షణాల్లో బూడిద రంగు, తర్వాత నలుపు వస్తుంది.
3. అర లీటరు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలిపి తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవాలి. ఆమ్లం మిగిలితే ఒరలో పెట్టిన కత్తి తుప్పు పడుతుంది.
4. ఇదంతా కుట్టడానికి ముందే చేయాలి. తెల్ల దారం మీద పడితే మరక పోదు.

ప్రయోగం ముక్కలో పగుళ్లున్న చోట నలుపు మరీ ముదురుగా వచ్చింది, మిగతా చోట సమానంగా ఉంది. అసలు ముక్కకు ధైర్యంగా పూశాను. నలుపు తోలు లోపలికి దిగిపోతుంది, గీత పడినా తెల్లగా కనిపించదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన మెట్టు ఇది.

ఖర్చు: వెనిగర్ 40, పనికిరాని పీచు 20, వంట సోడా 10.
ఇప్పటివరకు: 3,050 రూపాయలు

మెట్టు 7: కుట్టు, అంచులు

అసలు ముక్క జిగురు, బెజ్జాలు, కుట్టు, తడపడం అన్నీ పైన చెప్పిన మార్పులతోనే జరిగాయి. జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక అతికించాలి. నలుపు పూసిన మెరుపు వైపు జిగురు పట్టదు కాబట్టి పట్టీ అతికే చోట ముందుగా గరుకు కాగితంతో గీకాలి. మొన దగ్గర 4 మి.మీ. బెజ్జం వదిలాను. లోపలికి నీళ్లు పోయినా కారిపోతాయి.

అంచులకు 120, 220, 400 నంబరు గరుకు కాగితాలు వరుసగా, తర్వాత గోంద్ కతీరా అనే బంక నానబెట్టిన జిగట నీళ్లు పూసి, జామ కర్రతో వేడి పుట్టేలా రుద్దడం. మూడు పొరలూ కలిసి ఒకే ముక్కలా మెరుస్తాయి. పైన తేనెమైనం. లోపల ఏ నూనె గానీ మైనం గానీ పెట్టలేదు. నూనె పడితే తోలు మెత్తబడి పిడిని వదిలేస్తుంది.

ఖర్చు: గరుకు కాగితాలు 40, గోంద్ కతీరా 50, తేనెమైనం 90.
ఇప్పటివరకు: 3,230 రూపాయలు

ధర ఎక్కడికి పోతుంది

సొంత ఒర 3,230. కొంటే 2,940. నాకు 290 ఎక్కువైంది. ఇందులో క్రోమ్ తోలు, నైలాన్ దారం, స్టీలు పీచు కలిపి 230 వృథా. ఈ డైరీ చదివి మొదలుపెట్టేవారికి 3,000 దగ్గర తేలుతుంది. అంటే ఒకే కత్తి ఉన్నవారికి డబ్బు మిగలదు. అలాంటివారు కొనడమే మంచిది.

రెండో ఒర సంగతి వేరు. తోలు, కొరియర్‌తో కలిపి ఒక ఒరకు 165 లోపు. దారం, జిగురు, మైనం అన్నీ కలిపి 30. అంటే 200 దాటదు. పనిముట్లు ఉన్నచోటే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "సరుకు 200 అయితే 2,600 ఎలా అడుగుతారు?" అంటారు. అన్నీ తెలిశాక, ఏదీ పాడుకాకుండా చేసిన ఒరకు నమూనా, కోత, రంగు, కుట్టు, అంచులు కలిపి నా చేతికి దాదాపు ఆరు గంటల పని. ఆరే సమయం ఇందులో లేదు. 2,600లో తోలు, దారం, డబ్బా కోసం 400 తీసేస్తే మిగిలేది 2,200. ఆరు గంటలకు పంచితే గంటకు 370 లోపు. అందులోనే పనిముట్ల అరుగుదల, కరెంటు, పాడైన ముక్కలు, ఫోనులో కొలతలు మాట్లాడే సమయం అన్నీ ఇమడాలి. వేగం ఉన్న చేతికి నాలుగు గంటలు చాలవచ్చు, ఆ వేగం ఏళ్ల సాధనతో వచ్చింది కాబట్టి దానికీ విలువ ఉంది. నా లెక్కలో 2,600 న్యాయమైన ధర. వారితో బేరమాడకండి. ధర ఎక్కువ అనిపిస్తే మీరే కుట్టుకోండి, లేదా మధ్య దారి పట్టండి. తోలు మీరే కోసి, నలుపు పూసి, అతికించి తీసుకెళ్తే దగ్గర్లోని చెప్పులు కుట్టేవారు కుట్టి ఇస్తారు. మా పెద్దాయన ఆ కుట్టుకు వంద రూపాయలు చెప్పారు. ఉలులు, చెక్క సుత్తి, పలక, సూదులు, దారం కొననక్కర్లేదు. ఒక్క కత్తికి సొంతంగా చేసుకోవాలన్న కోరిక ఉంటే నేను సిఫారసు చేసేది ఈ దారి.

వానాకాలం తర్వాత

జూలై, ఆగస్టు నెలల్లో ఒర నడుము మీదే ఉంది. చూసినవి:

1. కుట్లలో ఒక్కటీ తెగలేదు. టార్చి వేసి లోపల చూస్తే పట్టీ మీద వాదర గీసిన గాడి ఉంది, లోతు అర మిల్లీమీటరు కూడా లేదు.
2. వెనక వైపు తెల్లటి బూజు పట్టింది. పొడి బట్టతో తుడిచి, నీడలో ఆరబెట్టి మళ్లీ మైనం పట్టించాను. రాత్రి కత్తిని ఒరలో ఉంచడం మానేశాను. తోలు తేమను పట్టి ఉంచుతుంది, కమాను పట్టీ ఉక్కు దానికి తట్టుకోదు. కత్తికి కొబ్బరినూనె రాసి విడిగా గోడకు తగిలిస్తున్నాను.
3. మూతి కాస్త వదులైంది. తలకిందులు చేసి ఊపితే కత్తి ఇంకా జారడం లేదు గానీ మొదటి పట్టు లేదు. సగం వెడల్పులో 1 మి.మీ. తగ్గించి ఉండవచ్చు.

తర్వాతి ఒర అంట్లు కట్టే చిన్న కత్తికి. అలుగు 70 మి.మీ., వెన్ను 2 మి.మీ., పిడి చుట్టుకొలత 76. మూతి సగం వెడల్పు: 38 + 3 + 12 − 1 = 52. అట్ట మీద కాకుండా ఈసారి పాత చెప్పు తోలు మీద కోసి సరిచూస్తాను. మిగిలిన తోలులో ఇలాంటివి రెండు వస్తాయి.